ఇస్తారి పేరు మీద ఇస్తారి అలక

సిద్దిపేట బస్టాండు వెనక కిరాయి సైకిళ్ల దుకాణం నడిపే ఇస్తారికి లోకంలో ఒక్కడి మీదే కుళ్లు. వాడు సొంత తమ్ముడు చంద్రశేఖర్. తమ్ముడి పంతులు ఉద్యోగం చూసి కాదు, పేరు చూసి.

ఇస్తారి కంటే ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోయారు. నాలుగోవాడు పుట్టగానే, వీడు ఎవరికీ అక్కరలేనివాడని చావును నమ్మించడానికి, తిని పారేసిన ఇస్తారాకులో పడుకోబెట్టి పెంటకుప్ప మీద ఉంచింది తల్లి. పక్కింటామె దొరికిన బిడ్డలా ఎత్తుకొస్తే, తల్లే చేటెడు తవుడిచ్చి కొనుక్కుంది. అందుకే ఆ పేరు. పిల్లవాడు బతికాడు. ధైర్యం వచ్చాక పుట్టినవాడికి అయ్యగారిని అడిగి మరీ శివుడి పేరు పెట్టింది.

ఇదంతా తెలిసీ మండిపోయేవాడు నా స్నేహితుడు. "వానికేమో దేవుని పేరు, నాకు ఎంగిలాకు పేరు" అని పంక్చర్ వేస్తూ నాతో ఎన్నిసార్లు అన్నాడో. తమ్ముడి పెళ్లిపత్రికలో వాడి పేరు పెద్దక్షరాల్లో చూసి వారం దాకా తల్లితో మాట్లాడలేదు. నేను నవ్వేవాణ్ణి. నాకేం, నా పేరు బాగానే ఉంది.

ఎనభై తొమ్మిదిలో ఒకరోజు చంద్రశేఖర్ దుకాణానికి వచ్చాడు. అప్పటికే వాడికి ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు. మూడోవాడు పుట్టి రెండు రోజులైంది.

"అన్నా, పోరనికి నీ పేరే పెడ్తం. నువ్వే అచ్చి ఎత్తుకోవాలె" అన్నాడు.

ఇస్తారి కరిగిపోతాడనుకున్నాను. చేతిలో పానా నేలకేసి కొట్టాడు.

"మంచియన్నీ నీకే ఇచ్చింది అవ్వ. నాకు మిగిలింది గీ పేరొక్కటే. గిది గూడ గావాల్నా?"

తమ్ముడు కదల్లేదు. ఏడుస్తూ నిలబడ్డాడు. కాసేపటికి ఇస్తారే గొణుక్కుంటూ దుకాణం మూశాడు. ముగ్గురం కలిసి వెళ్లాం.

ఇంటి వెనక పెంటకుప్ప మీద తల్లి మనవణ్ణి ఆకులో పడుకోబెట్టింది. ఇస్తారి ఎత్తుకున్నాడు. ఆమె తవుడు చేట ముందుకు చాచింది.

"నా బిడ్డను నాకియ్యి" అంది ఆచారం ప్రకారం.

"నన్ను గూడ గిట్లనే అడిగినవా అవ్వా?"

"నిన్నయితే పక్కింటామె కాళ్లు మొక్కి అడిగిన."

ఇస్తారి చాలాసేపటి దాకా పిల్లవాణ్ణి ఇవ్వలేదు.