మా నాన్న రిటైర్మెంటూ, నేను దించిన కారూ

ఆ రోజుల్లో ఏ వస్తువునైనా ఉన్నది ఉన్నట్టుగా వదిలేయడం నాకు చేతనయ్యేది కాదు. అది తెలివితేటలు కావు, ఒట్టి దురద. (ఇప్పటికీ పూర్తిగా తగ్గలేదు గానీ, నడుం నొప్పి పుణ్యమా అని కారు కింద దూరడం తగ్గింది.) మిక్సీ ఎందుకు మూలుగుతోంది, ఫ్యాను గాలి ఒక పక్కకే ఎందుకు వస్తోంది అని విప్పి చూసేవాణ్ణి. విప్పినవన్నీ మళ్లీ బిగించేవాణ్ణి కూడా, కాకపోతే ప్రతిసారీ రెండు మరలు మిగిలిపోయేవి. అలాంటివాడికి పరవాడలో ఒక మందుల కంపెనీలో ఉద్యోగం దొరికి, రెండేళ్లు తిరక్కుండానే ఒక చిన్న తెల్ల కారు చేతికొచ్చింది. చూడ్డానికి కూరగాయల సంచీ పట్టుకుని పూర్ణా మార్కెట్‌కి వెళ్లొచ్చే కారులాగే ఉంటుంది. లోపల మాత్రం టర్బో ఇంజను, కాలు ఆనిస్తే చాలు, వీపు సీటుకి అతుక్కుపోతుంది. ఏ కంపెనీదో చెప్పను, జరిగినదాంట్లో వాళ్ల తప్పేమీ లేదు.

రోజూ కంచరపాలెం నుంచి పరవాడ వెళ్లిరావడం దానిమీదే. పరవాడ దారిలో బూడిదరంగు దుమ్ము, మా వీధిలో పోర్టు వైపు నుంచి వచ్చే ఎర్రదుమ్ము, రెండూ చాలనట్టు సముద్రపు ఉప్పుగాలి. పొద్దున్నే బానెట్ మీద వేలితో ఒక గీత గీసి, ఈ రోజు ఏ దుమ్ము ఎక్కువగా ఉందో చూసేవాణ్ణి. ఆదివారం వస్తే రెండు బకెట్లు, ఒకటి సబ్బు నీళ్లకి, ఒకటి గుడ్డ జాడించడానికి. ఆ తర్వాత ఒక బంకముద్దతో కారు ఒళ్లంతా రుద్ది, రంగులో దిగబడిన రేణువుల్ని లాగి, దానిమీద మైనం పూసేవాణ్ణి. మా అమ్మది రాజమండ్రి. ఆ ముద్దని వాసన చూసి, "ఇది ఒంటికి రాసుకునేదా, చపాతీ చేసుకునేదా?" అని అడిగింది. నా మెత్తటి గుడ్డల్లో ఒకటి అప్పటికే ఆవిడ స్టవ్వు తుడుచుకోవడానికి వెళ్లిపోయింది. అడిగితే, "నీ కారు కంటే నా స్టవ్వే ఎక్కువ పనిచేస్తోంది" అంది.

మా నాన్న పోర్టులో క్రేన్ ఆపరేటరు. ఓడల్లోంచి సరుకు ఎత్తి రేవులో దించడం ఆయన పని. అంత ఎత్తున గాజు గదిలో కూర్చున్నవాడికి కింద ఓడ కడుపులో ఏముందో కనపడదు. కింద నిలబడి చేతులతో సైగలు చేసే మనిషిని బట్టే ఎత్తడమైనా, దించడమైనా. ఆ సైగల మనిషిని నాన్న 'సేతుల బావ' అనేవారు. ఇద్దరూ పాతికేళ్లకి పైగా అలా దూరం నుంచే పనిచేశారు. ఇంట్లో నాన్న పెద్దగా మాట్లాడేవారు కాదు. కానీ రిటైర్మెంటు దగ్గర పడుతున్నకొద్దీ ఒక మాట మాత్రం నాకు మూడుసార్లు చెప్పారు. "అందరూ ఆఫీసోళ్లు మాట్లాడిన జీపులో ఇంటికెల్తారు. నాను నా కొడుకు కార్లో ఎల్తానని కేంటీన్లో సెప్పీసేను." మా వైపు అది పెద్ద ముచ్చట. ఆఖరి రోజున మెడలో దండలేసి, తోటివాళ్లంతా బళ్ల మీద వెంట వచ్చి ఇంటి దగ్గర దింపుతారు. ముప్పై ఏళ్లు సైకిల్ మీదా, ఆ తర్వాత స్కూటర్ మీదా వెళ్లొచ్చిన మనిషి కోరుకున్నది ఆ ఒక్క ప్రయాణం.

ఆ బుధవారం రిటైర్మెంటు అనగా, ముందు ఆదివారం నేను కారుని దించాను. దించడమంటే, కంపెనీ ఇచ్చిన స్ప్రింగులు తీసేసి పొట్టి స్ప్రింగులు వేయించడం. అప్పుడు మలుపుల్లో కారు ఊగకుండా నేలని పట్టుకుని పోతుందని ఎక్కడో చదివాను. చదివాక ఇక నాకు నిద్ర పట్టదు కదా. గాజువాకలో నా స్నేహితుడొక మెకానిక్, మేమంతా 'స్ప్రింగు బావ' అంటాం. బిగించే ముందు, "బావ, దీంట్లో ఒక్కడివే తిరుగుతావు కదేటి?" అని అడిగాడు. ఒక్కణ్ణే అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నాకు బుధవారం గుర్తుకు రాలేదంటే మీరు నమ్మాలి. టైరుకీ దానిపైన రేకుకీ మధ్య నాలుగు వేళ్లు పట్టే సందు, సాయంత్రానికి చిటికెనవేలు దూరేంత అయింది. కింద లావుపాటి సైలెన్సరు గొట్టం కూడా పెట్టించాను. ఇంటికి తెచ్చి చూపిస్తే నాన్న కారు చుట్టూ రెండుసార్లు తిరిగారు.

"ఏటిరా, దించీసేవు?"

"పట్టు కోసం నాన్నా. బరువు కిందకుంటే పట్టు ఎక్కువ." ఇంకా చాలా చెప్పాను. ఆయన అంతా విన్నారు.

"సరే గానీ, బరువేసి సూసేవా?"

"దీంట్లో అంత బరువెవడేస్తాడు నాన్నా?"

నాన్న, నీ కారు నీకు తెలుసు అన్నట్టు తలూపి లోపలికి వెళ్లిపోయారు. జీవితమంతా బరువులెత్తిన మనిషి అడిగిన ఆ ఒక్క ప్రశ్న దగ్గర నేను ఆగి ఉంటే ఈ కథ లేదు.

బుధవారం సాయంత్రం పోర్టు గేటు దగ్గరికి అమ్మనీ, రాజమండ్రి నుంచి వచ్చిన మావయ్యనీ ఎక్కించుకుని వెళ్లాను. మావయ్య గురించి ఒక్క మాట చెప్పాలి. ఆయన కూర్చుంటే మా ఇంట్లో కుర్చీలు మాట్లాడతాయి. వస్తున్నప్పుడే స్పీడు బ్రేకర్ల దగ్గర కింద ఏదో గీసుకున్న చప్పుడు వినిపించింది గానీ, రాయి తగిలిందేమోనని సర్దిచెప్పుకున్నాను. (చెవికి తెలిసినా మనసు ఒప్పుకోకపోతే రాళ్లే తగులుతాయి.) గేటు దగ్గర నాన్న తోటివాళ్లు బానెట్‌కి బంతిపూల దండ కడుతుంటే, దారం గీతలు పడతాయని దానికింద నా మెత్తటి గుడ్డ పరిచాను. అది చూసి ఒకరిద్దరు నవ్వారు. శాలువా, మెడలో మూడు దండలతో నాన్న ముందు సీట్లో కూర్చున్నారు. వెనకాల ఇరవై బళ్లు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను దర్జాగా గేరు వేసి, గేటు ముందున్న స్పీడు బ్రేకరు ఎక్కించాను. ముందు చక్రాలు దాటాయి, కారు మాత్రం దాటలేదు. గర్రుమని ఒక చప్పుడు చేసి, పొట్ట దానిమీద ఆనించి కూర్చుంది.

చప్పట్లు ఆగిపోయాయి. అంత సిగ్గు నాకు అంతకుముందు ఎప్పుడూ కలగలేదు. నా కోసం కాదు. ఆయన కేంటీన్లో అందరికీ చెప్పుకున్న కారు, అందరూ చూస్తుండగా, గేటు దాటకుండానే ఆగిపోయింది. "దిగండి బావగారూ, నేనూ దిగుతానండి" అంటూ మావయ్య తలుపు తీశాడు. ఆయన దిగగానే కారు రెండు వేళ్లు పైకి లేచింది. నాన్న దండలతోనే దిగి, వంగి, కారు కింద చూశారు. చాలాసేపు చూశారు. ఆయన మొహంలో కోపం వెతికాను గానీ, అక్కడ ఉన్నది కోపం కాదు. ఏదైనా కొత్త ఓడ వచ్చిన రోజు మాత్రం దాని గురించి ఇంట్లో చెప్పేవారే, అప్పటి మొహం. ఈలోగా సేతుల బావ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చి, అలవాటు కొద్దీ చేతులు ఎత్తాడు. నాన్న ఆయన్ని పక్కకి జరిపారు.

"నువ్వు ఊపింది సాల్లే బావ. ఈరోజు నాను ఊపుతాను." నా వైపు తిరిగి, "ఒరే, రోడ్డు సూడకు. నా సెయ్యి సూడు. నాను గుప్పిట మూత్తే ఆగిపో" అన్నారు.

రోడ్డు మధ్యలో నిలబడి, కుడి చెయ్యి ఎత్తి, రెండు వేళ్లతో ముందు నన్ను వెనక్కి రప్పించి, తర్వాత కారుని ఏటవాలుగా తిప్పించారు. ఒక చక్రం తర్వాత ఒక చక్రం, చీమ నడకలో, ఎక్కడా రాసుకోకుండా కారు దాటింది. ఇరవై మంది ఒకేసారి ఈలలు వేశారు.

ఇంటికి పదకొండు స్పీడు బ్రేకర్లు. మూడోదాని దగ్గర మావయ్య ఇక ఎక్కనని చెప్పి, వెనకాల వస్తున్న ఒక బండి ఎక్కాడు. ఆ బండి కూడా కాస్త దిగింది. నాన్న మాత్రం ప్రతి దాని దగ్గరా దిగడం, చెయ్యెత్తడం, నన్ను దాటించడం, మళ్లీ వచ్చి కూర్చోవడం. జ్ఞానాపురంలో చేపల బుట్ట పట్టుకుని వెళుతున్న ఒకావిడ ఆగి, "ఎవల్ది పెళ్లి?" అని అడిగింది. రిటైర్మెంటు అన్నారెవరో. "మరి ఆ ముసిలాయన్ని కారెక్కించకుండా నడిపిత్తన్నారేటి?" అంది. నేను స్టీరింగు వెనకాల ఇంకాస్త కిందకి జారాను. కారుతో పాటు నేనూ దిగిపోయాను.

ఆరోదాని దగ్గర ఒక టీ కొట్టు ఉంది. నాన్న డ్యూటీకి వెళ్లేటప్పుడు ఎన్నో ఏళ్లుగా అక్కడే టీ తాగేవారట, నాకు ఆ రోజే తెలిసింది. కొట్టాయన బయటికొచ్చి, దండల్నీ, సైగల్నీ, కారునీ మార్చి మార్చి చూశాడు. "బాబూ, మీరు క్రేను నడిపేవోరా? ఇన్నాళ్లూ నాను గుమస్తా అనుకున్నాను" అన్నాడు. నాన్న నవ్వారు. చెయ్యి ఎలా ఎత్తితే ఏమిటో ఆయనకి చూపించారు. చుట్టూ మనుషులు చేరారు. అందరికీ టీలు వచ్చాయి, నాకు తప్ప, ఎందుకంటే నేను బ్రేకు మీద కాలేసుకుని, గుప్పిట ఎప్పుడు విప్పుతారా అని చూస్తున్నాను. గంటలో చేరాల్సిన ఇంటికి చీకటి పడ్డాక చేరాం. మా వెనకాల ఇరవై బళ్లే కాదు, దారిలో కలిసినవాళ్లు కూడా చాలామంది ఉన్నారు.

భోజనాలయ్యాక నాన్న పక్కన కూర్చుని, తప్పయిపోయింది నాన్నా అన్నాను. నిజంగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన శాలువా మడతపెడుతూ, "అంత పైన కూసుంటే ఎవడికీ మొకం కనపడదురా" అన్నారు. దానికీ నేను అన్నదానికీ సంబంధం ఏమిటో నాకు వెంటనే అర్థం కాలేదు. బాధలో ఉన్నారనుకుని, నా తప్పు దిద్దుకోవాలన్న తొందరలో శనివారమే గాజువాక వెళ్లి పాత స్ప్రింగులు వేయించేశాను.

ఆ మర్నాడు నాన్నని ఎక్కించుకుని అదే దారిన వెళ్లాను, చూపిద్దామని. ఒక బ్రేకరు దాటాం, రెండు దాటాం, ఎక్కడా చప్పుడు లేదు. బాగుంది కదా నాన్నా అంటే ఊఁ అన్నారు. టీ కొట్టు దగ్గరికి వచ్చేసరికి, "ఇక్కడాపు" అన్నారు.

"ఇప్పుడు తగలదు నాన్నా."

"తెలుసురా. దిగుతాను."

దిగి, బ్రేకరు పక్కన నిలబడ్డారు. కొట్టాయన లోపల్నుంచే, "రండి క్రేను బాబూ" అని పిలిచాడు. ఆ రాత్రి ఆయన అన్న మొకం మాట అప్పుడు కొంచెం కొంచెంగా నాకు అర్థమైంది. టీ తాగుతున్న ఒకతను, ఆ రోజు లేనివాడు, ఏమిటి సంగతని అడిగితే, నాన్న కారు వైపు చెయ్యి చూపించి, "మావోడు దాన్ని కిందకి దించీసినాడు. నాను ఊపితే గానీ దాటదు" అన్నారు. మామూలు ఎత్తులో, ఏ అడ్డూ లేకుండా నిలబడి ఉన్న కారు పక్కన నేను ఉన్నాను. కాదని చెప్పలేదు.

ఇప్పుడు నేను ఏ మార్పు చేసినా కారు నిండా మనుషుల్ని కూర్చోబెట్టి చూస్తాను, ఆ బుద్ధి వచ్చింది. కానీ ఆ దారిన వెళ్లినప్పుడల్లా, అంత తొందరపడి కారుని పైకెత్తేసిన ఆ కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. ఆ పొట్టి స్ప్రింగులు ఇంకొక్క నెల ఉంచేస్తే ఏం పోయేదిరా అని అడగాలనిపిస్తుంది.