బేచారీ కాదు, బారీ

హిందీ మాట్లాడే మోవాలో మా పక్కింటివాళ్ళు నా వణికే చేతులు చూసి "బేచారీ" అని జాలిపడితే మా మేనత్తకు ఒళ్ళు మండేది. "బేచారీ నై, బారీ బోలో" అనేది. బారీ అంటే వంతు. నాకు పట్టు దొరకాలని పెన్సిళ్ళకు పాత సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టి ఇచ్చేది.

ఒకరోజు నన్ను ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చి క్లాసు గుమ్మంలో నిలబడింది. పిల్లలు ఒక్కొక్కరే బోర్డు మీద పేరు రాస్తున్నారు. టీచరమ్మ "బేచారీ, రహనే దో" అని, పోనీలే వదిలేద్దాం అన్నట్టు నన్ను దాటేశారు.

"ఇస్కీ బారీ హై, బహన్‌జీ" అని, ఇది నా వంతేనంటూ అత్త లోపలికొచ్చి, సంచిలోంచి ట్యూబు ముక్క తీసి సుద్దముక్కకు చుట్టి నా చేతిలో పెట్టింది. "రాయవే. తొందరేం లేదు."

గంట కొట్టినా ఎవరూ లేవలేదు. పేరు వంకరగా వచ్చింది, కానీ మొత్తం వచ్చింది.

మర్నాడు లెక్కల మాస్టారు నన్ను దాటబోతే క్లాసంతా ఒక్క గొంతుతో అంది: "ఇస్కీ బారీ హై, సర్."