పెన్సిల్‌తో రాసిన 321

వనపర్తిలో నేను డిప్లొమా చదివిన కాలేజీ కంప్యూటర్ ల్యాబులో ముప్పై మెషిన్లు ఉండేవి. పనిచేసేవి పద్నాలుగు. వాటిలో కీబోర్డు మీద అక్షరాలు చెరిగిపోనివి తొమ్మిది. నేను లెక్కపెట్టాను, ఆ గదిలో చేయదగిన పని ఇంకోటి లేదు కాబట్టి.

అక్కడ ప్రోగ్రాములు నడపడం ఉండదు, రాయడమే. రికార్డు పుస్తకంలో కుడి పేజీ మీద నీలం పెన్నుతో ప్రోగ్రాము, ఎడమ పేజీ మీద పెన్సిల్‌తో దాని ఫలితం. ఆ ఫలితం ఎక్కడి నుంచి వచ్చిందని అడిగేవాడు లేడు. సీనియర్ల రికార్డు నుంచి వస్తుంది. వాళ్లకు వాళ్ల సీనియర్ల నుంచి. ల్యాబు సారు మార్జిన్ కొట్టామా లేదా చూసి ఎర్ర పెన్నుతో సంతకం పెట్టేవాడు. మార్జిన్ లేని రికార్డును ఆయన విసిరేయడం చూశాను. తప్పు ప్రోగ్రామును విసిరేయడం ఎన్నడూ చూడలేదు.

ఏడో ప్రోగ్రాము సంఖ్యను తిరగేయడం. 123 ఇస్తే 321 రావాలి. బడిపిల్లకు నోటితో చెప్పొచ్చు: చివరి అంకె తీసి పక్కన పెట్టు, మిగిలినదాంట్లో మళ్లీ చివరి అంకె తీయి, ఏమీ మిగలనిదాకా. పదితో భాగిస్తే శేషం చివరి అంకె, భాగఫలం మిగిలిన సంఖ్య. సారు బోర్డు మీద రెండు చోట్లా శేషమే తీయమని రాశాడు. అంటే 123లో 3 తీసుకుని, 12ను పారేసి, మళ్లీ 3నే మిగుల్చుకోవడం. 3లోంచి 3, ఇంకో 3. కరెంటు పోతే తప్ప ఆగదు. అరవై మంది దాన్ని రికార్డులోకి ఎక్కించుకున్నారు. ఎడమ పేజీలో పెన్సిల్‌తో 321 వేసుకున్నారు. అరవై ఎర్ర సంతకాలు పడ్డాయి.

నేను ఆ రోజే నడిపి చూసి నా పుస్తకంలో సరిచేసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఎవరు కనిపెడతారో చూద్దామనుకున్నాను. నెల గడిచింది, ఎవరూ కనిపెట్టలేదు. నాకు అది బాగానే ఉండింది.

మాకంటే ఏడాది పెద్దామె ఒక అక్క, గద్వాల దగ్గరి పల్లె, ఈ ఒక్క ల్యాబులో రెండుసార్లు తప్పి మళ్లీ మాతో కూర్చుంది. రికార్డంతా కొత్తగా రాసి, బ్రాకెట్లతో సహా కంఠస్థం చేసింది.

"ఈసారి గిన తప్పితే సీడు పత్తిలకే పొమ్మన్నడు మా నాయన," అంది ఒకసారి.

సీడు పత్తి అంటే విత్తనాల కోసం వేసిన పత్తి చేలో మాపున మొగ్గలు గిల్లడం, పొద్దున మగపువ్వు తెచ్చి వాటికి అద్దడం. చిన్నప్పటి నుంచీ సెలవుల్లో చేసిన పనే.

"చేతగాక కాదు తమ్మి. అండ్ల పడితే మళ్ల ఎల్లనియ్యరు."

పరీక్షలో ఆమెకు ఏడో ప్రోగ్రామే వచ్చింది. పక్క మెషిన్ నాది. ఒక్క పొరపాటు లేకుండా టైపు చేసింది, అంటే సారు పొరపాటుతో సహా. 123 ఇచ్చింది. కర్సర్ మిణుకుమిణుకుమంటూ ఉండిపోయింది.

"తమ్మి, ఇది ఆగుత లేదు," అంది తల తిప్పకుండా.

'భాగించు' అన్న ఒక్క మాట చాలు. నేను నా తెరనే చూశాను. పరీక్షలో మాట్లాడకూడదన్నది నియమం. ఆ కాలేజీలో నేను పాటించిన నియమం అదొక్కటే.

సారు వచ్చాడు. "హ్యాంగయింది. గా మూలదాని కాడ కూసో."

మూలదీ ఆగలేదు.

"అది ముసల్దిలే. కిటికీ కాడిది చూడు."

అదీ అంతే. సారు మూడు మెషిన్లను తిట్టాడు గానీ ఆమె రికార్డు తెరవలేదు. బయటి కాలేజీ నుంచి పరీక్షించడానికి వచ్చిన ఆయన బిస్కెట్ నములుతూ, "వేరే నంబర్ ఇయ్యమ్మ," అన్నాడు.

ఆమె 120 ఇచ్చింది. దాని చివరి అంకె సున్నా, సారు పద్ధతిలో మిగిలేదీ సున్నానే. ఇంకేమీ లేదనుకుని ప్రోగ్రాము ఆగిపోయింది. తెర మీద 0 అని పడింది.

"చూసిండ్రా సార్, మెషిన్ల తోటే పరేషాన్. పిల్ల కరెక్టే కొట్టింది," అన్నాడు మా సారు.

"నడ్చింది కద, ఇంకేంది," అని ఆయన పాస్ మార్కులు వేశాడు.

120ని తిరగేస్తే సున్నా వస్తుందని ఒప్పుకుని ఇద్దరు ఇంజనీర్లు టీకి పోయారు. ఆ సున్నా ముందు నిలబడిపోయింది ఆమె ఒక్కతే.

బస్టాండులో నేను నాగర్‌కర్నూల్ బస్సు కోసం, ఆమె గద్వాల బస్సు కోసం కూర్చున్నాం. ఒళ్లో రికార్డు తెరిచి, టికెట్ వెనక 123 వేసి, ఒక్కో లైను ప్రకారం అంకెలు తీసుకుంటూ పోయింది.

"పన్నెండు ఏడ పోయింది?" అంది తనలో తనే. కాసేపటికి, "గీడ భాగించాలె గద."

"అవునక్క."

"నీకు తెల్సా?"

"తెల్సు."

"ఎప్పటిసంది?"

"నెలయితంది."

ఆమె గొంతు పెంచలేదు. "నేను ఫెయిలైతే గప్పుడన్న చెప్తుంటివా?"

నేను బస్సు వచ్చే దిక్కు చూశాను. ఆమె సంచిలోంచి రబ్బరు తీసి ఎడమ పేజీ మీది 321ను రుద్దేసింది. కింద సారు ఎర్ర సంతకం అట్లాగే ఉంది.

"ఆగనిదానికి ఏం రాయాలె?"

"ఏం రాయొద్దక్క. ఏమీ రాదు."

రబ్బరు పొట్టు ఊదేసి పుస్తకం మూసింది. గద్వాల బస్సు వచ్చింది. పోయొస్త అనైనా అనకుండా ఎక్కింది.

నేను నా రికార్డు తీసి చూసుకున్నాను. ఏడో ప్రోగ్రాములో ఒక్క తప్పూ లేదు.