కొట్టేసిన పేరు, రెండు గీతలు

పెనుకొండలో ఆరోగ్య పర్యవేక్షకురాలిగా అది నా చివరి సంవత్సరం. డైరీలో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

సోమవారం: ధర్మవరంలో మగ్గం నేసే సుజాతకు పొత్తికడుపులో ఎడమ పక్క నొప్పి. గ్యాస్ మాత్రలిచ్చి పంపారు.
బుధవారం: కొద్దికొద్దిగా రక్తం. నెలసరేనన్నారు.
గురువారం: ఒక క్లినిక్‌లో స్కాన్. గర్భసంచి ఖాళీ, ఏమీ లేదన్నారు.
తరువాతి మంగళవారం: నాకు మెమో.

మెమో ఎందుకో తెలియాలంటే మధ్యలోని శుక్రవారం సంగతి చెప్పాలి. ఆ ఉదయం పెనుకొండలో ఇళ్ల సందర్శనలో ఉండగా, పుట్టింటికి వచ్చి చాప మీద పడుకున్న సుజాతను చూశాను. ముఖం పాలిపోయి ఉంది.

“మగ్గం గుంజీ గుంజీ భుజం పట్టుకునింది మేడం. పొద్దున కండ్లు తిరిగి పడిపాయ,” అంది వాళ్లమ్మ.

మగ్గం దిగి ఐదు రోజులైంది. భుజం నొప్పి నిన్ననే మొదలైందట. నాకు అర్థం కాలేదు. నెలసరి సరిగా వచ్చిందా అని అడిగాను. వాళ్లమ్మ నవ్వింది.

“ఆపరేసన్ అయిన మనిసిని అడిగే మాటేనా ఇది? తాళమేసింది మీరే గదా, మల్లా మమ్మల్నే అడుగుతాండారే!”

ఆమె తప్పేమీ లేదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్న వారి పేరును గర్భం వచ్చే వీలున్న జంటలను రాసే అర్హ దంపతుల రిజిస్టరులో మేమే కొట్టేస్తాము. ఆ తరువాత వారిని నెల తప్పిందా అని ఎవరూ అడగరు. అలా గీసిన గీతల్లో నావీ ఎన్నో ఉన్నాయి.

అయినా కిట్టుతో మూత్ర పరీక్ష చేయించాను. రెండు గీతలు వచ్చాయి. గర్భం ఉందని కిట్టు, సంచి ఖాళీ అని స్కాన్. ఏది నమ్మాలి? రెండూ నిజమేనని తట్టడానికి కొన్ని నిమిషాలు పట్టింది. గర్భం ఉంది, సంచిలో లేదు. భుజం నొప్పి మగ్గానిది కాదు, కడుపులో కారుతున్న రక్తానిది. నాడి సన్నగా, వేగంగా కొట్టుకుంటోంది. 108ను పిలిచి, రెఫరల్ చీటీలో ‘అండవాహిక గొట్టంలో గర్భమని అనుమానం’ అని రాసి, హిందూపురం పంపించాను.

“చీర సగంలో ఉండాది మేడం, రేపు వచ్చేస్తా గదా?” అని బండిలోంచి అడిగింది సుజాత. నేను బండి తలుపు మూశాను.

గొట్టం పగిలి కడుపు నిండా రక్తమని, ఇంకొంత ఆలస్యమైతే మనిషి దక్కేది కాదని శస్త్రచికిత్స చేసిన వైద్యురాలు ఫోనులో చెప్పారు. సుజాత బతికింది.

పేరు కొట్టేసిన మహిళకు గర్భ పరీక్ష కిట్టు ఎందుకు వాడారో సంజాయిషీ ఇవ్వాలన్నది మెమో. ఇచ్చాను. నకలు నా వద్ద ఉంది. నేను చేసిన తప్పేమిటో ఈనాటికీ బోధపడలేదు.

తెలిసినది ఇంతే. ఆపరేషన్ అరుదుగా విఫలమవుతుంది. విఫలమైతే గర్భం గొట్టంలో నిలిచే ప్రమాదం ఎక్కువ. నెలసరి తేడా, ఒక పక్క నొప్పి, కొద్దిపాటి రక్తం కనిపిస్తే అదే రోజు పరీక్ష చేయించాలి. భుజం చివర నొప్పి, కళ్లు తిరగడం తోడైతే ఒక్క గంట కూడా ఆగకూడదు.

ఆపరేషన్ అయిన మహిళకు నెల తప్పితే ఎవరు అడగాలి, ఏ రిజిస్టరులో, ఏ గడిలో రాయాలి? సంబంధిత అధికారులు ఈ ప్రశ్నకు సంతకంతో కూడిన లిఖితపూర్వక సమాధానం ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. నోటిమాటగా చెప్పే జవాబును నేను సమాధానంగా స్వీకరించను.