ఇప్పపువ్వు రొట్టె

మా ఇంట్లో ఇప్పపువ్వు లడ్డూలంటే మొదటినుంచీ అందరికీ ఇష్టమేనని మా అక్క చెప్పుకుంటుంది. ఒట్టి అబద్ధం. నిన్న ఆమె ఆసిఫాబాద్ నుంచి తెచ్చిన డబ్బా మూత తీయగానే, నా ముక్కు ఇప్పటికీ ముందు ఇప్పపువ్వుతో కాచే సారా వాసనే వెతికింది.

చిన్నప్పుడు మందమర్రి బడిలో నా పక్కన కూర్చునే గోండుల పిల్ల సోంబాయి ఒక మధ్యాహ్నం తన ఇప్పపువ్వు రొట్టెలో సగం నాకు పెట్టింది. కమ్మగా ఉంది. కానీ గోండోళ్ల తిండి తింటే మత్తెక్కుతుందని ఇంట్లో విన్నాను కదా! మత్తు కోసం కాసేపు ఎదురుచూసి, తర్వాత నిజంగానే తూలడం మొదలుపెట్టాను. సోంబాయి హడలిపోయి, నా సంచి తనే మోస్తూ ఇంటిదాకా నడిపించుకొచ్చింది.

"జర చూడు పెద్దమ్మా, కండ్లు తిరుగుతున్నయట," అంది.

"ఏం పెట్టినవే నా బిడ్డకు? ఇంకోపారి దాని పక్కన కూసున్నవో, చూడు మల్ల!" అని అవ్వ, అంటే మా అమ్మ, గడపలోంచే అరిచింది.

అవ్వ కోపం రొట్టె మీదే అనుకున్నాను. మర్నాడు సోంబాయి వెనక వరుసకు వెళ్లిపోయింది, నేను పిలవలేదు.

అక్క ఇప్పుడు ఆరోగ్యానికి మంచిదంటూ రెండో లడ్డూ తింటోంది. నేనూ తింటాను, కానీ ప్రతిసారీ నా ముక్కుకు నచ్చజెప్పుకోవాలి.

ఇంతకీ, ఆ తర్వాత సోంబాయి తన రొట్టెలో సగం ఎవరికి పెట్టింది?