కారు నాది, కోటలు మా అన్నవి

తోడబుట్టినవాడి మీద కడుపు మండుతుంటే ఐదు రోజులపాటు, వెయ్యి కిలోమీటర్లు కారు నడిపిన మనిషిని నేను. ఇది గొప్పగా చెప్పుకునే సంగతి కాదు. మా ఆవిడ రెండో రోజే కనిపెట్టింది. మా అన్నకు తెలిసిందో లేదో ఇప్పటికీ చెప్పలేను. తెలిసే ఉంటుంది. తెలియనట్టు ఉండడం ఆయనకు బాగా వచ్చు.

నేను సోషల్ టీచర్ని. తోటపల్లి గూడూరు దగ్గర ఒక హైస్కూల్లో ఇరవై రెండేళ్లుగా పల్లవులు, చోళులు, విజయనగరం చెబుతున్నాను. నల్లబల్ల మీద సుద్దముక్కతో నేను కట్టినన్ని కోటలు ఏ రాజూ కట్టి ఉండడు. అయితే వాటిలో ఒక్కటి కూడా కళ్లతో చూసింది లేదు. తిరుపతికి ఎన్నిసార్లు వెళ్లానో లెక్క లేదు గాని, పక్కనే ఉన్న చంద్రగిరికి ఒక్కసారి కూడా వెళ్లలేదు. మా పాపకు మాత్రం చిన్నప్పటి నుంచి అన్నం ముద్దలతో పాటు ఈ కథలన్నీ తినిపించాను. పదో తరగతి పరీక్షలు కాగానే అన్నీ చూపిస్తానని మాట ఇచ్చాను. ఆ ఏడాది పాత కారొకటి కొన్నాను. ఏ ఊళ్లో ఏం చెప్పాలో ముందే ఒక నోట్సు రాసుకున్నాను. ఆ ప్రయాణం నాది. మా పాప దృష్టిలో నేనెంతటివాణ్నో అక్కడ తేలుతుందని ఎన్నేళ్లుగానో ఎదురుచూశాను.

అది ఎండాకాలం, సముద్రంలో వేట నిషేధం ఉన్న రెండు నెలలు. మైపాడు పక్కన మా ఊళ్లో మా అన్న పడవతో సహా పడవలన్నీ ఇసుక మీదికి ఎక్కి ఉన్నాయి. మా వదిన, కూతురి కాన్పుకని వెళ్లింది. మీ అన్న ఒక్కడే ఇంట్లో కూర్చుని ఏం చేస్తాడు, మనతో రమ్మందాం అని మా ఆవిడ అంది. అనడమే కాదు, నన్ను అడగక ముందే ఫోన్ చేసేసింది. భుజాన తువ్వాలు, చేతిలో చిన్న సంచి, కాళ్లకు రబ్బరు చెప్పులతో మా అన్న దిగాడు. పెద్దవాడని ముందు సీటు ఆయనకే ఇచ్చింది మా ఆవిడ. వెనక కూర్చున్న మా పాప రెండు సీట్ల మధ్యలోంచి ముందుకు వంగి కబుర్లు చెప్పడం మొదలుపెట్టింది. గడ్డం మాత్రం ఆయన సీటు మీదే ఆనించింది. అక్కడే మొదలైంది నాకు.

చంద్రగిరిలో రాజమహల్ ముందు నిలబడి, విజయనగర రాజులు ఇక్కడికి ఎందుకు రావలసివచ్చిందో చెప్పడం మొదలుపెట్టాను. క్లాసులో అయితే ఆ పాఠానికి పిల్లలు కిక్కురుమనరు. మా అన్న చేతులు కట్టుకుని బుద్ధిగా విన్నాడు. అంతా విని, ఇంతమంది ఉండారంటే వీళ్లకు నీళ్లు యాడినుంచి వచ్చేవో అన్నాడు. నాతో కూడా కాదు, తనలో తనే అనుకున్నాడు. మా పాపకు అది పట్టుకుంది. ఇద్దరూ కోనేరు వైపు నడిచారు. నీళ్లు కొండ మీంచి ఎటు దిగేవి, ఎటు పోయేవి అని వంగి వంగి చూశారు. సగం వాక్యం నోట్లో పెట్టుకుని నేను మా ఆవిడ ముందు నిలబడ్డాను. ఆవిడ ఫోన్లో ఫోటోలు తీసుకుంటోంది.

వేలూరులో ఇంకా ఘోరం. కోట చుట్టూ కందకం, నిండా నీళ్లు. నీళ్లు కనిపిస్తే మా అన్నను ఎవరాపుతారు? గట్టు మీద గొంతు కూర్చుని, నీటి మీద అలజడిని చూసి, ఇవి జిలేబీ చేపలు, అదుగో ఆ బుడగలు కొరమీనువి అని మా పాపకు చూపిస్తున్నాడు. నేను కోట ఎవరు కట్టారో చెప్పాను. ఆ పిల్ల ఊ కొట్టింది, కళ్లు మాత్రం బుడగల మీదే ఉన్నాయి.

పైగా ఆయనకు అరవం వచ్చు. పులికాట్ వాళ్లతో, చెన్నై హార్బరు వాళ్లతో చేపల బేరాలు ఆడీ ఆడీ నేర్చుకున్నాడు. నాకు 'తెరియాదు' తప్ప ఏమీ తెరియాదు. హోటల్లో సర్వర్ నా వైపు చూడకుండా ఆయనకే రెండుసార్లు సాంబారు పోశాడు. కోటలోపలి గుడి దగ్గర పూలమ్మే ఆవిడ, యాభై ఏళ్లుంటాయి, ఆయనతో చాలాసేపు మాట్లాడింది. ఆ గర్భగుడి చాలా ఏళ్లు ఖాళీగానే ఉండేదట. తన చిన్నతనంలోనే దేవుణ్ని మళ్లీ తెచ్చి పెట్టారట. కల్యాణమండపం స్తంభాల మీద నేను మూడు పేజీలు రాసుకుని వచ్చాను. ఈ సంగతి మాత్రం నా నోట్సులో లేదు. మా పాప ఫోన్ తీసి దాన్ని రాసుకుంది. నేను చెప్పినవాటిలో ఒక్కటీ రాసుకోలేదు. ఆ రోజు సాయంత్రం నాకు ఆకలి లేదన్నాను. మా ఆవిడ నా ముఖం చూసి, నీ వయసెంత, పదేళ్లా అని అడిగింది.

మూడో రోజు సెంజి కోట. రాజగిరి కొండ ఎక్కేటప్పుడు మాత్రం నేనే ముందున్నాను. మెట్లు నిట్టనిలువుగా ఉన్నాయి, నాకు ఆయాసం. అయినా వెనక్కి తిరిగి మరీ చెప్పాను, శత్రువులు ఈ కోటను తేలిగ్గా పట్టలేకపోవడానికి ఈ కొండే కారణమని. దిగేసరికి మిట్టమధ్యాహ్నం. కారున్నది తూర్పువైపని, ధాన్యం కొట్ల వెనక నుంచి అడ్డంగా పోతే దగ్గరని నేనే అన్నాను. అందరూ నా వెనకే వచ్చారు. పావుగంట నడిచాం, అరగంట నడిచాం. తుమ్మ ముళ్లు, కూలిన గోడలు. సీసాలో నీళ్లు అయిపోయాయి. మా పాప చున్నీ ముళ్లకు పట్టుకుని చిరిగింది. చివరికి మా ముందు ఒక పెద్ద గోడ వచ్చి నిలబడింది, దానికి గుమ్మం లేదు.

"పెదనాయనా, దారి ఇది కాదని నీకు తెలుసా?" అని అడిగింది మా పాప.

తెలుసన్నాడు ఆయన. పొద్దున కారు దిగినప్పుడే గురుతు పెట్టుకున్నాడట. ధాన్యం కొట్టు కప్పూ, ఎదురుకొండ మీది మండపమూ ఒకదాని వెనక ఒకటి వచ్చే వరసలో కారుందట. మేము ఆ వరస దాటి వచ్చి చాలాసేపయిందట.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంతసేపూ నోరేమైందని అడిగాను. కూతురి ముందు, భార్య ముందు నన్ను ఎండలో తిప్పి నవ్వుకున్నావా అని కూడా అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. మా పాపకు చెబుతున్నట్టే నాకూ చెప్పాడు.

"పడవలో దారి జూసేవోడు ఒకడే ఉండాల అబ్బయా. ఇంకొకడు నోరు తెరిసినాడంటే పడవ ఎటూ పోదు. వాడు తప్పినా సరే, ఒడ్డుకొచ్చినాకే అడగాల. నువ్వు ముందర నడస్తా ఉండావు గదా, నేనెట్టా చెప్పేది?"

అది మా ఊరి పద్ధతే. మా నాయన కూడా పాటించినదే. నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పే అవసరం రాలేదు. రెండుసార్లు పడవ ఎక్కి రెండుసార్లూ పేగులు బయటికొచ్చేలా కక్కుకున్నందుకు నన్ను బడికి పంపారు. అదే నా చదువు కథ.

తంజావూరు దారి పొడుగునా మా పాప ఆయన్ని ప్రశ్నలతో తవ్వేసింది. సముద్రంలో నిలబడి తీరం మీది గురుతులు ఎలా పడతారని అడిగింది. కృష్ణపట్నం థర్మల్ పొగగొట్టాలు ఎక్కడ విడివిడిగా కనిపిస్తాయో, ఎక్కడ ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయో, ఆ వరసలో వల వేస్తే ఏ చేప పడుతుందో ఆయన చెప్పుకుంటూ పోయాడు. నేను స్టీరింగ్ పట్టుకుని రోడ్డు చూస్తూ కూర్చున్నాను. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నా తప్పుకు ఆయన మర్యాద ఇవ్వడం, ఆయన మాటలను నా కూతురు కళ్లు పెద్దవి చేసుకుని వినడం, ఈ రెండూ తట్టుకోవడం నావల్ల కాలేదు.

ఇంక నా దగ్గర ఒక్కటే మిగిలింది. తంజావూరు పెద్దగుడి. ఆ గోపురం నీడ నేల మీద పడదు అని ఇరవై రెండేళ్లుగా క్లాసులో చెబుతున్నాను. ఆ మాట అనగానే పిల్లల నోళ్లు తెరుచుకుంటాయి. మా పాప నోరు కూడా నాలుగేళ్లప్పుడు అలాగే తెరుచుకుంది.

మర్నాడు పొద్దున పది దాటాక గుళ్లోకి వెళ్లాం. చెప్పులు బయట వదలాలి. ప్రాకారంలో పరిచిన రాళ్లు అప్పటికే పెనంలా కాలుతున్నాయి. మా ఆవిడ నంది దగ్గర మండపంలో కూర్చుండిపోయింది. మేము ముగ్గురం గుడి చుట్టూ తిరిగి పడమటి వైపుకు వెళ్లాం. తల పూర్తిగా వెనక్కి వాల్చితే తప్ప గోపురం కొస కనిపించడం లేదు. నోట్సు తెరవకుండానే మొదలుపెట్టాను. వెయ్యేళ్ల కిందటి రాయి, దాన్ని అంత ఎత్తుకు ఎత్తిన చేతులు, అన్నీ చెప్పాను. మా పాప ఈసారి నా వైపే చూస్తోంది. చివరగా, దీని నీడ నేల మీద పడదు అన్నాను.

పాప నా భుజం మీదుగా వెనక్కి చూసింది. నేనూ తిరిగాను. గోపురం గోడ పక్కనే నల్లటి నీడ, పది పన్నెండు అడుగుల మేర పరుచుకుని ఉంది. అందులో ఓ కుటుంబం కాళ్లు చాపుకుని కూర్చుని పులిహోర తింటోంది. వాళ్ల పక్కన మా అన్న, కాలిన అరికాళ్లను ఒకదాని తర్వాత ఒకటి చల్లటి రాయికి ఆనించుకుంటూ నిలబడి ఉన్నాడు.

అప్పుడు ఊరుకుని ఉంటే సరిపోయేది. నవ్వేసినా సరిపోయేది. కానీ నాలుగు రోజుల మంట ఉంది కదా లోపల. ఆయన అక్కడ నిలబడింది నన్ను అబద్ధాలకోరుని చేయడానికే అనిపించింది.

"ఏం అన్నా, నీడ పడిందా?" అని అడిగాను. నా గొంతులో వెటకారం నాకే వినిపించింది.

ఆయన నా ముఖం చూశాడు. తర్వాత పాప ముఖం చూశాడు. నీడలోంచి బయటికి, ఎండలోకి రెండడుగులు వేసి కాలే రాళ్ల మీద నిలబడ్డాడు.

"పడలేదబ్బయా" అన్నాడు.

నిలబడ్డవాడు అలాగే ఉన్నాడు. కాళ్లు మార్చుకోవడం లేదు. వేళ్లు మాత్రం లోపలికి ముడుచుకుంటున్నాయి. పులిహోర తింటున్నవాళ్లు కూడా మమ్మల్ని చూస్తున్నారు. నేను గెలిచాను. నా కూతురి ముందు నా మాటే నెగ్గింది. అంత సిగ్గు నా జన్మలో ఎప్పుడూ పడలేదు. అయినా ఆయన్ని నీడలోకి రమ్మనలేదు.

మా పాప నా దగ్గరికి వచ్చింది. నీడ పడుతుందని తనకు ఏడో తరగతిలోనే తెలుసని, ఫోన్లో ఫోటో చూశానని మెల్లగా చెప్పింది. నువ్వు అంత ఇష్టంగా చెబుతావని ఊరుకున్నాను అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

"పెదనాయన కాళ్లు కాలిపోతున్నాయి నాన్నా. నువ్వు చెబితేగాని ఆయన రాడు. చెప్పు."

"పడింది అన్నా" అన్నాను. "నేనే తప్పు చెప్పినా. నీడలోకి రా."

అప్పుడు వచ్చాడు. వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు, ఏమీ జరగనట్టు. అరికాళ్లు ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి. మా పాప నా చెయ్యి వదిలేసి, సంచిలోంచి నీళ్ల సీసా తీసి, ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుని ఆ పాదాల మీద కొంచెం కొంచెంగా పోస్తోంది. నా కాళ్లు కూడా కాలాయి. నేను పక్కనే నిలబడి, సీసాలో నీళ్లు తగ్గిపోవడం చూస్తూ ఉన్నాను.