దుబాసీ నోట ‘నేను’
హన్మకొండలో ఒక దవాఖాన కోసం, రెండు భాషలొచ్చినవాళ్లకు దుబాసీ పని నేర్పేదాన్ని. రోగి మాట డాక్టరుకు, డాక్టరు మాట రోగికి చెప్పాలి. సొంతంగా ఏమీ కలపకూడదు. ఎవరు మాట్లాడితే వాళ్లలాగే ‘నేను’ అనాలి. డాక్టరు బయటికొస్తే వెంటనే తామూ రావాలి, రోగి దగ్గర ఒంటరిగా ఉండకూడదు.

ఒక బ్యాచిలో ఒడియా పిల్ల ఉండేది. అమ్మానాన్నలు ఇటుక బట్టీ పనికొచ్చి హసన్‌పర్తి దగ్గరే ఉండిపోయారు. ఇంట్లో ఒడియా, బడిలో తెలుగు. ఎట్లా చెబితే అట్లా చేసేది.

ఆమెను మొదటిసారి వార్డుకు తీసుకెళ్లాను. బట్టీలో పనిచేసే ఒక ఒడియా ఆమె కామెర్లు ముదిరి మంచంలో ఉంది. భర్త ఇంకా రాలేదు. డాక్టరు అడిగినవన్నీ పిల్ల తడబడకుండా అడిగి చెప్పింది. డాక్టరు కదలగానే మేమూ లేచాం. మంచం మీదున్న ఆమె మా పిల్ల చున్నీ పట్టుకుంది. పిల్ల నా వైపు చూసింది. నేను రమ్మని సైగ చేశాను. మెల్లగా విడిపించుకుని వచ్చింది.

మర్నాడు పొద్దున మేం వెళ్లేసరికి ఆమె పోయింది. భర్త వచ్చి ఉన్నాడు. డాక్టరు చెప్పిందంతా పిల్లే అతనికి చెప్పింది. పోయే ముందు తన భార్య ఏమన్నదని అతను పిల్ల ద్వారా రాత్రి డ్యూటీ నర్సును అడిగాడు.

“మస్తుసేపు ఏదో చెప్పిందన్నా. నాకు సమజ్ కాలే,” అంది నర్సు.

పిల్ల దాన్ని నేర్పినట్టే ఒడియాలో చెప్పింది. అతను నర్సును చూడలేదు. పిల్లనే చూస్తూ ఏదో అడిగాడు. పిల్ల దాన్నీ మాకు తెలుగులో చెప్పింది.

“నీకు మా భాష వస్తది గదా. ఎట్ల సమజ్ కాలే?”

‘నాకు సమజ్ కాలే’ అన్నది నర్సు కాదు, ఈ పిల్లేననుకున్నాడు. విడమరచి చెబుదామంటే నాకు ఒడియా రాదు. ఏది చెప్పాలన్నా ఆ పిల్ల నోటితోనే చెప్పాలి.

“ఇగ నీ మాటగా చెప్పు బిడ్డా,” అన్నాను.

పిల్ల అతని పక్కన నేల మీద కూర్చుని చాలాసేపు మాట్లాడింది. అతను తల వంచుకుని విన్నాడు. ఒక్కసారి తలెత్తి ఏదో అడిగాడు. పిల్ల లేచి నా దగ్గరికి వచ్చేసింది.

ఇద్దరం బయటికొచ్చాక, అతను ఏమడిగాడని అడిగాను.

“అప్పుడు నేను ఆడ లేనని చెప్పిన మేడం. ఎందుకు లేవు అన్నడు.”

కోర్సు పూర్తి చేసింది కానీ ఆ పనిలో చేరలేదు. చౌరస్తాలో ఒక బట్టల దుకాణంలో కుదిరిందని తోటి పిల్లలు చెప్పారు.